ఆదివారం పరారీ

గురువారం ఉదయం కుముదిని వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా భర్త క్యారేజీ సర్దాలి. పదింటికల్లా పది ఇంగ్లీషు మాటలు నోటికి రావాలి. పదకొండింటికి అత్తగారు శైలబాల గుడి నుంచి తిరిగొచ్చేలోపు పప్పు ఉడకాలి. ఆదివారం ముజఫర్‌పూర్‌లో బ్యాంకు క్లర్కు పరీక్ష. క్రితంసారి లెక్కల్లో దండిగా మార్కులొచ్చినా, ఇంగ్లీషు భాగంలో ఒకటింపావు మార్కు తక్కువై మొత్తం పరీక్షే పోయింది. పెళ్ళయ్యాక ఒక్కసారి రాయనిస్తామని అత్తవారు ఒప్పుకున్నారు. ఆ ఒక్కసారీ ఇదే.

"పెళ్ళికి ముందు తప్పితే ఇంగ్లీషు వల్ల తప్పానన్నారు. ఇప్పుడు తప్పితే నీ వల్ల తప్పానంటారు," అని ఆమె భర్త సుధాంశుని ముందే హెచ్చరించింది.

"నా వల్ల తప్పితే నాకు గర్వమే," అన్నాడతను. పెళ్ళయి ఐదు నెలలే అయింది కాబట్టి ఆ మాటకు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

దర్భంగాలో ఆమె వెళ్ళే కోచింగ్ సెంటర్ మాస్టారు ఒక పద్ధతి నేర్పారు. మాటలను విడివిడిగా బట్టీ పడితే నిలవవు, మనసుకు దగ్గరైన మనిషికి రోజూ ఒక ఉత్తరం రాసి, ఆనాటి పది మాటలూ అందులో ఇరికించి, ఒక్కోదాని కింద గీత గీయాలి. కుముదిని మనసుకు దగ్గరైన మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. రోజూ ఉత్తరం రాసి క్యారేజీ పైగిన్నె మూత కింద పెట్టేది. సుధాంశు కరెంటు సబ్‌స్టేషన్‌లో జూనియర్ ఇంజనీరు. అన్నం తింటూ ఉత్తరం చదివి, ఎర్ర కలంతో తప్పులు దిద్ది, మార్కులు వేసి, చివర ఒక వాక్యం రాసి సొరుగులో దాచుకునేవాడు. ఆ చివరి వాక్యాన్ని సాయంత్రం వాకిట్లో ఆమె చెవిలో చెప్పేవాడు. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరాలు రాసుకుంటున్నామని పెద్దవాళ్ళకు ఎవరు చెబుతారు?

మాస్టారి పుస్తకంలో ఒక్కో పేజీకి ఒక్కో విషయం. సోమవారం పొగడ్తలు వచ్చాయి, బుధవారం రోగాలు. గురువారం పేజీలో దుర్గుణాలు, పలాయనాలు. కుముదిని శ్రద్ధగా రాసింది: "ఈ ఇంట్లో నా బతుకు దుర్భరం. మీ అమ్మ నిరంకుశురాలు. మీ నాన్న తిండిపోతు. ఇక్కడి తిండి వాసనకే నాకు వికారం. ఆదివారం తెల్లవారుజామున పరారవుతాను." చదువుకుని మురిసిపోయింది. పది మాటలూ అతికినట్టు కూర్చున్నాయి.

ఆ రోజు సుధాంశు క్యారేజీ మరిచిపోయి వెళ్ళాడు.

మామగారు తారానంద్ ఝా సంస్కృత పాఠశాలలో పండితులుగా చేసి రిటైరయ్యారు. వేయించినవి తినొద్దని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. ఆ మాట అమలు చేస్తున్నది శైలబాల. ఆవిడ గుడికి వెళ్ళింది, కోడలు గదిలో తలుపు వేసుకుని చదువుకుంటోంది. బల్ల మీద క్యారేజీ ఉంది. పైగిన్నెలో వంకాయ తరువాలు ఉన్నాయని వాసనే చెబుతోంది. బియ్యప్పిండిలో దొర్లించి, ఆవనూనెలో వేయించిన ఆ చక్రాలను ఆయన ఐదు తిన్నారు. ఆరోది తీస్తుంటే కాగితం చేతికి తగిలింది.

ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ పది చోట్ల గీతలు గట్టిగా గీసి ఉండటం చూశారు. కింద కోడలి పేరు పోల్చుకున్నారు. అది ఆనందంతో రాసింది కాదని అర్థమైంది. కోడలినే అడుగుదామంటే మామగారు కొత్త కోడలితో నేరుగా మాట్లాడటం ఆ ఇళ్ళలో లేదు. వాకిట్లోకి రావాలంటే ముందు దగ్గాలి, ఏమైనా కావాలంటే చేతిపంపుతో చెప్పుకోవాలి. "కాసిని మంచినీళ్ళుంటే బాగుండును," అని ఆయన పంపుతో అంటే, ముసుగు సర్దుకుని కుముదిని గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టేది. అంతవరకే వాళ్ళ పరిచయం. భార్యతో చెబుదామంటే కాగితం ఎక్కడ దొరికిందని అడుగుతుంది.

అందుకని వీధి చివర ఉండే బుచ్చన్ బాబు దగ్గరికి వెళ్ళారు. బుచ్చన్ బాబు తంతి ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఇంగ్లీషు ఆయన సొంత ఆస్తి.

"ఇదెక్కడిది?" అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"గాలికి ఎగిరొచ్చింది."

బుచ్చన్ బాబు నిఘంటువు తెరిచి అరగంట చదివి, గొంతు సవరించుకున్నాడు. "అత్త నిరంకుశం. మామ తిండిపోతు. తిండి వికారం. బతుకు దుర్భరం. ఆదివారం తెల్లవారుజామున పరారీ. సంతకం కుముదిని."

"ఇంత పొడుగు ఉత్తరంలో ఉన్నది అంతేనా?"

"మిగతాదంతా అలంకారం. తంతిలో అలంకారాలకు చోటుండదు."

"తిండిపోతు అని స్పష్టంగా ఉందా?"

"రెండుసార్లు ఉంది. కింద గీత కూడా ఉంది. మనిషికి కోపం తలకెక్కితే గానీ గీతలు గీయరు, పండిట్‌జీ."

తారానంద్ మూతికి అంటిన నూనె తువ్వాలుతో తుడుచుకున్నారు. ఉత్తరంలో ఆ ఒక్క మాటా అక్షరాలా నిజమని ఆయనకు తెలుసు. అది నిజమైనప్పుడు మిగతావి అబద్ధం ఎలా అవుతాయి?

"ఇప్పుడేం చేయమంటావు?"

"పిల్లను ఆపగలిగేది పుట్టింటివాళ్ళే. వియ్యంకులకు సారె పంపండి. వాళ్ళ మనసు చల్లబడితే, వచ్చి పిల్లకు నచ్చజెబుతారు. నేను తీసుకెళతాను. మీ పరువుకు భంగం రానివ్వను. ఉత్తరం ఊసే ఎత్తను."

ఇంట్లో, ఉత్తరం ఒక్కటీ భర్త తీసుకెళ్ళాడని కుముదిని అనుకుంది, పరీక్ష హడావుడిలో ఆమె రాయలేదని సుధాంశు అనుకున్నాడు. శుక్రవారం సారె వియ్యంకుల ఊరు రాజ్‌నగర్ వెళ్ళింది. కావిళ్ళ మీద వెళ్ళాల్సింది ఆటోలో వెళ్ళింది గానీ లోటేమీ లేదు: రెండు కుండల పెరుగు, నాలుగు శీలావతి చేపలు, అరటిగెల, మఖానా సంచి, తమలపాకులు. శైలబాలకు తెలియకుండా బుచ్చన్ బాబు ఇంటి నుంచే అన్నీ కదిలాయి.

కుముదిని తల్లి చంద్రకళ వాకిట్లో పెరుగు కుండలు చూసి ఆశ్చర్యపోయింది. ఛఠ్ పండగ వెళ్ళి పది రోజులైంది. మళ్ళీ పండగ కనుచూపు మేరలో లేదు. "ఏమిటన్నగారూ విశేషం?" అని అడిగింది.

"విశేషం నా నోటితో చెప్పకూడదు," అన్నాడు బుచ్చన్ బాబు, ఇచ్చిన మాటకు కట్టుబడి. "ఆదివారం లోపల మీరొకసారి వచ్చి పిల్లను చూసుకుంటే మంచిది. ఈమధ్య తిండి సహించడం లేదట. వాసనకే వికారమట."

చంద్రకళ ఆయన్ని ఇంకేమీ అడగలేదు. వెంటనే లోపలికి వెళ్ళి ఇద్దరు ఆడపడుచులకూ ఫోన్ చేసింది. కూతురికి మాత్రం చేయలేదు. అలాంటి సంగతి ఫోన్‌లో అడిగితే పిల్ల సిగ్గుపడుతుంది.

శనివారం పొద్దున్న పది గంటలకు కుముదిని ఆఖరి మాటల జాబితా ముందేసుకుని కూర్చునేసరికి, వాకిట్లో రెండు ఆటోలు ఆగాయి. వాటిలోంచి తల్లి, ఇద్దరు మేనత్తలు, తొమ్మిది బుట్టలు దిగారు. వచ్చిన సారె కన్నా ఎక్కువే తిరిగి వెళ్ళాలి కదా. శైలబాలకు ఏమీ అర్థం కాలేదు. కానీ సారెతో గడప తొక్కినవాళ్ళను ఎందుకొచ్చారని అడిగే మనిషి కాదావిడ.

"నోరు తీపి చేసుకోండి వదినగారూ. మాకు కబురు పంపిన తీరుకే మా కడుపు నిండిపోయింది," అని చంద్రకళ లడ్డూ నోట్లో పెట్టింది. "ఇంతకీ ఎన్నో నెల?"

శైలబాల లడ్డూ నములుతూ ఆలోచించింది. తన ఇంట్లో, తన కోడలికి, తనకు తెలియకుండా ఒక నెల నడుస్తోందని ఒప్పుకోవడం ఎలా? "మీకు తెలియనిదేముంది," అంది హుందాగా. ఆ తర్వాత లోపలికి వచ్చి కోడలి చేతిలో పుస్తకం లాగేసుకుని బీరువా పైన పెట్టింది. "చాల్లే కనియా, కళ్ళకు శ్రమ. రేపు రైలూ లేదు, పరీక్షా లేదు. ఈ సమయంలో ఆ కుదుపులేమిటి?"

కొత్త కోడలిని ఆ ఇళ్ళలో కనియా అంటారు. ఐదు నెలలుగా ముద్దుగా వినిపించిన ఆ పిలుపు కుముదినికి మొదటిసారి పిడుగులా తగిలింది. "ఏ సమయంలో అమ్మా? నాకేమీ లేదు."

"నేనూ ఇలాగే లేదన్నాను," అంది పెద్ద మేనత్త. "అప్పటికి మూడో నెల."

"నిజంగా లేదత్తా."

"సిగ్గు చూడు, అచ్చం వాళ్ళమ్మే," అంది చిన్న మేనత్త.

సుధాంశు మధ్యాహ్నం ఇంటికి వస్తుంటే వీధిలో ముగ్గురు అభినందించారు. నాలుగో ఆయన చింతపండు పొట్లం చేతిలో పెట్టాడు. అతను సరాసరి గదిలోకి వచ్చి, "ఊరందరికీ చెప్పి నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"నాకే పొద్దున తెలిసింది."

"అంటే నిజమా?"

"ఐదు నెలలుగా నా ఉత్తరాలు దిద్దుతున్నావు, నా మాట నువ్వూ నమ్మవా? నాకు ఏమీ లేదు. ఉన్నదల్లా పరీక్ష. అదీ ఇప్పుడు పోయింది." కుముదిని ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తున్నందుకు మేనత్తలు మరీ సంతోషించారు. ఈ సమయంలో కన్నీళ్ళు మామూలేనట. విశ్రాంతి కావాలి కాబట్టి సాయంత్రం ఆటోలోనే రాజ్‌నగర్ తీసుకెళ్ళాలని తీర్మానించి, ఆమె చీరలు పెట్టెలో సర్దసాగారు.

పొద్దుటి నుంచీ అరుగు మీద కూర్చుని తారానంద్‌కు లోపలి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. కోడలి ఏడుపు. పెట్టె మూత చప్పుడు. "ఇంక మా దగ్గరే ఉంటుంది," అన్న చంద్రకళ గొంతు. ఆపడానికి వచ్చినవాళ్ళే తీసుకుపోతున్నారు. ఆయన లేచారు. దగ్గలేదు. చేతిపంపును దాటి, నడవా దాటి, ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డారు. కుముదిని ముసుగు లాక్కునే వ్యవధి కూడా లేదు.

"కనియా, వెళ్ళొద్దు," అన్నారు ఆమె వైపే చూస్తూ. "నేను తిండిపోతునన్న మాట నిజం. రేపటి నుంచి ఒంటిపూట తింటాను. మీ అత్తగారి నిరంకుశత్వాన్ని ముప్పై మూడేళ్ళుగా నేను భరిస్తున్నాను, నువ్వూ కాస్త ఓర్చుకో. నువ్వొచ్చాకే ఈ వాకిట్లో నవ్వులు వినపడుతున్నాయి తల్లీ. పరారీ మాత్రం కావద్దు."

మేనత్తల చేతుల్లో చీరలు అలాగే ఆగిపోయాయి.

"ఎవరి నిరంకుశత్వం?" అంది శైలబాల.

తారానంద్ జేబులోంచి ఉత్తరం తీశారు. కుముదిని దాన్ని చూసింది, మామగారి ముఖం చూసింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయనతో నోరు విప్పింది. "బాబూజీ, అది హోంవర్కు."

సుధాంశుకు వెలిగింది. పరుగున వెళ్ళి సబ్‌స్టేషన్ సొరుగులోని కట్ట తెచ్చాడు. బుచ్చన్ బాబును నిఘంటువుతో సహా పిలిపించారు. ఉత్తరాలు ఒక్కొక్కటే బయటికి చదివారు. బుధవారం లెక్కన తారానంద్‌కు క్షయ, మశూచి, పక్షవాతం. క్రిందటి వారం ఆయన రాజద్రోహం చేసి ద్వీపాంతరం వెళ్ళారు. సోమవారం శైలబాల అపర దానకర్ణురాలు. "పదికి ఎనిమిది," అని సుధాంశు ఉత్సాహంగా చదువుకుపోతున్నాడు, "ముక్కుపుడక పెట్టుకున్నప్పుడు నువ్వు..." అని ఆగి, చెవుల దాకా ఎర్రబడి, కాగితం మడిచేశాడు.

"మిగతాదీ చదువు బాబూ, అదే బాగుంది," అంది చిన్న మేనత్త.

"అయితే ఏమీ లేదా?" అంది చంద్రకళ నిరాశగా, తొమ్మిది బుట్టల వైపు చూస్తూ.

శైలబాల గురువారం కాగితం అందుకుంది. "ఆ నిరంకుశురాలన్న చోట ఉన్న ఇంగ్లీషు మాటకు అసలు అర్థమేమిటి బుచ్చన్ బాబూ?"

బుచ్చన్ బాబు నిఘంటువు చూసి, ఆవిడ ముఖం చూసి, కాస్త అలంకారం కలిపాడు. "ఎవరి సలహా అక్కర్లేకుండా రాజ్యాన్ని ఒంటిచేత్తో ఏలే మహారాణి అని."

శైలబాల కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది. "ముప్పై మూడేళ్ళలో ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ సంగతి రాసిపెట్టారు. సరే, వినండి. పొద్దున్న ఐదుంపావు బండికి కనియా వెళుతుంది. సుధాంశు తోడు వెళతాడు. అప్పటిదాకా ఈ ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు. పుస్తకం ఇచ్చేయండి." తర్వాత కాగితాన్ని వాసన చూసింది. "దీనికి ఆవనూనె ఎలా అంటింది?"

తారానంద్ చేతిపంపు వైపు తిరిగి, వాన వచ్చేలా ఉందన్నారు.

ఆ సాయంత్రం కుముదిని చదువుకుంటుంటే ఐదుగురు పెద్దవాళ్ళు వాకిట్లో సైగలతో మాట్లాడుకున్నారు. ఆదివారం ఇంగ్లీషు భాగంలో ఆమెకు కావలసిన దానికన్నా ఆరు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ తర్వాత జరిగే రెండో దశ పరీక్షా గట్టెక్కింది. ఫలితాల రోజున, "మా కోడలికి ఇంగ్లీషులో తిట్టడం కూడా వచ్చు," అని తారానంద్ వీధి వీధంతా తిరిగి చెప్పుకున్నారు. వేసవిలో ఝంఝార్‌పూర్ అవతల ఒక పల్లె శాఖలో కౌంటర్ దగ్గర ఆమెకు కుర్చీ వేశారు. అక్కడ మేనేజరూ, కాపలాదారూ, ఖాతాదారులూ అందరూ మైథిలిలోనే మాట్లాడతారు. ఏడాదిలో కుముదిని అక్కడ పలికిన ఇంగ్లీషు మొత్తం రెండే మాటలు: సర్వర్ డౌన్.