మూడో సంపుటంలో ఏడు ఉత్తరాలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు, నా భార్య నా మీద రాసిన ఫిర్యాదును నేనే ప్లీడరుగారికి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన చెప్పిన జవాబును నేనే రాసుకున్నాను. గురువారం నాలుగో పేజీలో నేనే వేయించాను.

నవ్వుతారని తెలుసు. మొత్తం విన్నాక నవ్వండి.

మా పత్రికలో 'చట్టం ఏమంటుంది?' అని ఒక శీర్షిక వస్తుంది. జనం ప్రశ్నలు పంపుతారు, ప్లీడరుగారు జవాబులిస్తారు. పదమూడేళ్ళుగా దాన్ని చూసేది నేనే. ప్లీడరుగారికి కూర్చుని రాసే తీరిక లేదు. మంగళవారం పదకొండింటికి కోర్టు వరండాలోంచి ఫోన్ చేస్తారు. నేను ఉత్తరాలు చదువుతాను, ఆయన చెబుతారు, నేను రాసుకుంటాను. లోపల ఆయన కేసు పిలిచేలోగా నాలుగు ప్రశ్నలు పూర్తవ్వాలి.

ఆఫీసులో అందరం ఆయన్ని 'అయినప్పటికీ'గారు అంటాం. ఏ జవాబైనా మొదటి సగంలో ధైర్యం చెబుతారు. తర్వాత "అయినప్పటికీ" అంటారు. రెండో సగంలో ఆ ధైర్యం వెనక్కి తీసుకుంటారు.

ఇక మా బావమరిది. నా భార్యకు తమ్ముడు, లిఫ్టులు బాగుచేస్తాడు. వాడు అద్దెకున్న ఇల్లు యజమాని అమ్మేశాడు. పదిరోజులు ఉంటానని సంచితో మా ఇంటికి వచ్చాడు. ముందుగదిలో మంచం వేశాం. అది నా గది. నా బల్ల, నా పుస్తకాలు, నేను తలుపేసుకుని ఆలోచించుకునే చోటు. అయిదు నెలలైంది. నేను మనసులో వాడికి 'పదిరోజులు' అని పేరు పెట్టుకున్నాను. నా బల్ల వంటింటి పక్కకు వచ్చింది. ఆలోచన ఒకటి మొదలుపెడితే కుక్కర్ కూత దగ్గర ఆగిపోతుంది.

మా ఆవిడతో అన్నాను.

"మీ తమ్ముడు ఇల్లు చూసుకుంటున్నాడా?"

"చూసుకుంటున్నాడు."

"ఏ ఇల్లు?"

"ప్రస్తుతానికి ఇదే చూసుకుంటున్నాడు. నిన్న ట్యాంకు పైపు బాగుచేశాడు. మీరు రెండేళ్ళుగా దాన్ని చూస్తూనే ఉన్నారు."

మా ఆవిడ బడిలో టీచరు. ఇంట్లో కూడా సెలవు తీసుకోదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పదమూడేళ్ళుగా ఊరందరి ప్రశ్నలూ అడుగుతున్నాను, నాదొకటి అడిగితే తప్పేముంది? ఓ మంగళవారం నాలుగో ప్రశ్నగా చదివాను. "కొన్ని రోజులకని వచ్చిన బంధువు నెలల తరబడి ఉంటే, ఆ గది మీద అతనికి హక్కు వస్తుందా? ఇట్లు, ఒక పాఠకుడు."

"రాసుకో," అన్నారు ప్లీడరుగారు. "అతిథి అతిథే. ఎన్నాళ్ళున్నా హక్కు రాదు. భయపడక్కర్లేదు."

నేను ఊపిరి పీల్చుకున్నాను.

"అయినప్పటికీ," అన్నారు. "ఆ అడ్రసు మీద అతనికి ఉత్తరాలు, కార్డులు వస్తూ ఉంటే, నేను అద్దెకున్నవాణ్ణే అని రేపు వాదించవచ్చు. వాదన గెలవకపోవచ్చు. కానీ కేసు తేలేసరికి ఇంటాయన ఉండకపోవచ్చు."

పీల్చిన ఊపిరి లోపలే ఉండిపోయింది.

గురువారం పొద్దున మా ఆవిడ ఆ జవాబును పైకి చదివింది. "ఎవరో పాపం, చుట్టాన్ని చూసి వణికిపోతున్నాడు. ఎవరండీ ఈయన?"

"పేర్లు బయటపెట్టం."

"పేరు అడగలేదు. మనిషి ఎలాంటివాడని అడిగాను."

"మంచివాడే అయి ఉంటాడు."

"మీకు తెలుసన్నమాట," అని పేపరు మడిచింది.

ఆ రోజు నుంచి నా కంటికి పోస్టుమాన్ తప్ప ఇంకేమీ ఆనలేదు. ఆయన మా వీధికి తొమ్మిదీ నలభైకి వస్తాడు. నేను పదిన్నర డ్యూటీకి మారి, తొమ్మిదిన్నరకే గేటు దగ్గర నిలబడేవాణ్ణి. బావమరిది పేరుతో మొదటి వారమే గ్రంథాలయం కార్డు వచ్చింది. తర్వాత బీమా వాళ్ళది. తర్వాత ఒక శుభలేఖ. ప్రతి కవరు మీదా మా ఇంటి నంబరు. వాడు లోపల టీ తాగుతున్నాడు, బయట సాక్ష్యం పోగవుతోంది.

వచ్చినవి వచ్చినట్టు దాచాను. విప్పలేదు. ఇతరుల ఉత్తరం విప్పడం తప్పని మా శీర్షికలో రెండుసార్లు వేశాం. దాచడం గురించి ఎవరూ అడగలేదు.

దాచడానికి చోటు కావాలి కదా. సమీక్ష కోసం పదకొండేళ్ళ క్రితం వచ్చిన న్యాయశాస్త్ర గ్రంథం ఉంది, మూడు సంపుటాలు. ఇంతవరకు సమీక్షించలేదు, కాబట్టి ఎవరూ తెరవలేదు. మూడో సంపుటం అన్నిటికంటే లావు. ఒకటే ఇబ్బంది, ఆ గ్రంథం ఉండేది ముందుగదిలో. అంటే బావమరిది ఉత్తరాలు బావమరిది మంచం పక్కనే దాచాను. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళడం, నీళ్ళ చప్పుడు ఆగకముందే బయటికి రావడం. ఆరు వారాల్లో ఏడు కవర్లు.

పద్దెనిమిదో తేదీన భోజనాల దగ్గర బావమరిది తింటూ తింటూ ఆగాడు.

"బావా, మీ పత్రికాఫీసుకు కూడా పోస్టు ఆలస్యంగా వస్తోందా?"

"ఎందుకు?"

"ఆసుపత్రివాళ్ళు ఇంటర్వ్యూ చేశారు. రెండు వారాల్లో ఉత్తరం రాస్తామన్నారు. అయిదు వారాలైంది. తొమ్మిది లిఫ్టులున్నాయి అక్కడ."

"లిఫ్టులదేముంది, ఎక్కడైనా ఉంటాయి," అన్నాను.

"లోపలే క్వార్టర్సు ఇస్తారు బావా. ఉత్తరం వచ్చిన రోజే ఇక్కణ్ణుంచి సామాను సర్దేద్దామనుకున్నా. మీకు బల్ల దగ్గర ఇబ్బందవుతోందని నాకు తెలియదా?"

నా నోట్లో ముద్ద అటూ పోలేదు, ఇటూ రాలేదు. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

మర్నాడు శుక్రవారం. వాడు స్నానానికి వెళ్ళగానే సంపుటం తెరిచాను. అయిదో కవరు పొడుగ్గా ఉంది. కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను, కనపడలేదు. చివరికి అంచు చింపాను. ఉద్యోగం ఇచ్చారు. క్వార్టర్సు ఇచ్చారు. పద్నాలుగో తేదీలోగా వచ్చి చేరకపోతే తర్వాతి వారికి ఇస్తామన్నారు. ఆ రోజు పంతొమ్మిది.

వాణ్ణి పంపించే కాగితం వస్తే పట్టుకుని, వాడి మంచం పక్కనే దాచినవాణ్ణి నేను.

నీళ్ళ చప్పుడు ఆగింది. కవరు లోపల పెట్టి బయటికి వచ్చాను.

చెబుదామంటే దాచానని తెలుస్తుంది. చెప్పకుండా ఉందామంటే వాడు ఇక్కడే ఉంటాడు. శుక్ర, శని, ఆది, సోమ, నాలుగు రోజులు ఈ రెండిటి మధ్యా తిరిగాను. నిద్ర లేదు. ఒకసారి పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే మంచం కిందికి చూశాను, ఎందుకో నాకే తెలియదు.

మంగళవారం ఆఫీసులో ఉత్తరాల కట్ట విప్పాను. మూడు మామూలు ఉత్తరాలు, ఒకటి రిజిస్టర్డ్. దాని రసీదు కార్డు మీద సోమవారం నేనే సంతకం చేశాను, కట్టలో ఉన్నదేమిటో చూడకుండా. విప్పితే ఎర్ర సిరా. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన దస్తూరి.

రిజిస్టర్డ్ ఉత్తరాన్ని పక్కన పెట్టడానికి లేదు. మూడేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి తన ప్రశ్న రాలేదని రసీదు పట్టుకుని వచ్చి, ఎడిటర్ గదిలో సాయంత్రం దాకా కూర్చున్నాడు. అప్పటినుంచి రిజిస్టర్డ్ ఉత్తరానికి నంబరు వేస్తాం, అది ఆ వారమే వెయ్యాలి. దీనికి నంబరు పడిపోయింది.

ఫోన్ మోగింది. మూడు ప్రశ్నలూ ఎంత మెల్లగా చదివినా పన్నెండు నిమిషాల్లో అయిపోయాయి.

"నాలుగోది చదువు," అన్నారు ప్లీడరుగారు.

"ఒక మహిళ అడుగుతున్నారు సార్. తన తమ్ముడికి వచ్చిన ఉత్తరాలు ఇంట్లో ఒకరు దాచారు. ఏం చేయాలి?"

"ఒకరంటే ఎవరు? ఎన్ని ఉత్తరాలు?"

"ఏడు సార్."

"ఆ అంకె నువ్వు చదవలేదే?"

"క్లుప్తంగా చదివాను సార్."

"క్లుప్తం నా పని. నువ్వు మొత్తం చదువు."

మొత్తం చదివాను. 'మా ముందుగదిలో ఉంటున్న నా తమ్ముడికి వచ్చిన ఏడు ఉత్తరాలను నా భర్త న్యాయశాస్త్ర గ్రంథం మూడో సంపుటంలో 412వ పేజీ దగ్గర దాచారు. అందులో ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం, క్వార్టర్సు ఇస్తామన్న ఉత్తరం ఒకటి విప్పి ఉంది. గడువు దాటింది. నా భర్త పత్రికలో పనిచేస్తారు. చదువుకున్నవారు. వారికి శిక్ష ఏమిటి?'



"మన పత్రికా?" అన్నారు ప్లీడరుగారు.

"రాయలేదు సార్."

"మనది కాదులే. మనవాళ్ళు ఉత్తరాలు పారేస్తారు గానీ దాచరు. రాసుకో. ఇది నేరం. ఆ తమ్ముడు ఫిర్యాదు చేస్తే కేసు నిలుస్తుంది."

'కేసు నిలుస్తుంది' అని రాసుకున్నాను.

"అయినప్పటికీ," అన్నారు. పదమూడేళ్ళలో ఆ మాట కోసం నేను ఎదురుచూసింది అప్పుడే. "ఇది కుటుంబం. కోర్టుకు వెళ్ళొద్దు. ఆ భర్త ఏడు ఉత్తరాలూ తన చేత్తో ఇవ్వాలి. ఆసుపత్రికి తానే వెళ్ళి, ఆలస్యం తనవల్లేనని రాసివ్వాలి. అతని మూలంగా క్వార్టర్సు పోయింది కాబట్టి, ఇంకోటి దొరికేదాకా ఆ తమ్ముణ్ణి గదిలోంచి కదపనని కాగితం మీద సంతకం పెట్టాలి. రాశావా?"

"రాశాను సార్."

"ఆ భర్త ఒప్పుకుంటాడంటావా?"

"ఒప్పుకుంటాడు సార్."

లోపల ఆయన కేసు పిలిచారు.

సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ వంటింటి పక్కన, నా బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"నీకు ఎలా తెలిసింది?" అన్నాను.

"పోస్టుమాన్ మా బడికి కూడా ఇస్తాడు. మీవారు రోజూ గేటు దగ్గరే ఉంటున్నారు, రిటైరయ్యారా అని అడిగాడు."

"పుస్తకం సంగతి?"

"పదకొండేళ్ళుగా దుమ్మున్న మూడు పుస్తకాల్లో ఒకదాని మీద దుమ్ము లేదు. శనివారం చూశాను."

"చూసినదానివి నువ్వే తీసి ఇవ్వొచ్చుగా?"

"నేను తీస్తే మీరు దొరికినట్టవుతుంది. ఇచ్చినట్టవదు. క్లాసులో అయినా అంతే, దాచినవాడి చేతే తెప్పిస్తాను."

"పేపర్లోకి ఎక్కించాలా?"

"మీరు ఎక్కించలేదా, మా తమ్ముణ్ణి? 'ఒక పాఠకుడు' అని?"

నేను ముందుగదిలోకి వెళ్ళాను. బావమరిది మంచం మీద కూర్చుని స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటున్నాడు. సంపుటం తీసి, ఏడు కవర్లూ వాడి చేతిలో పెట్టాను. వాడు ముందు శుభలేఖ విప్పాడు.

"పెళ్ళి అయిపోయింది బావా."

"ఆఁ."

అయిదోది విప్పాడు. చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉందేమోనని. లేదు.

"అక్కకి తెలుసా?"

"అక్కకి శనివారం తెలిసింది. మిగతా జనానికి గురువారం తెలుస్తుంది."

"నన్ను పొమ్మని ఒక్కమాట అంటే పోయేవాణ్ణి కదా బావా," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఆసుపత్రికి ఇవ్వాల్సిన కాగితం రాసుకుని మా ఆవిడకు చూపించాను. 'కొన్ని అనివార్య కారణాలవల్ల ఉత్తరం అందడంలో జాప్యం జరిగినది.'

ఆమె ఎర్ర పెన్ను తీసింది. "ఏ కారణాలు?"

"అలా రాయడం పద్ధతి."

"మీ ఆఫీసులో పద్ధతి. జాప్యం దానంతటది జరిగిందా, ఎవరైనా చేశారా?"

మూడోసారికి, 'ఉత్తరాన్ని నేను దాచాను' అన్న ముక్క దగ్గర టిక్కు పెట్టింది. గది గురించిన కాగితం ఆమే రాసిపెట్టింది. దాని మీద సంతకం పెట్టాను.

బుధవారం పదింటికి ఆసుపత్రిలో ఆఫీసరు నా కాగితం రెండుసార్లు చదివాడు. నా వైపు ఒకసారి, బావమరిది వైపు ఒకసారి చూశాడు.

"ఈయన మీకు ఏమవుతారు?" అని బావమరిదిని అడిగాడు.

"మా బావగారండీ."

"అయ్యో," అన్నాడు ఆఫీసరు.

జాబితాలో తర్వాతి మనిషి క్వార్టర్సులో చేరాడట. కానీ తొమ్మిది లిఫ్టులకు ఒక్కడు చాలడం లేదట. సోమవారం వచ్చి చేరమన్నాడు. ఉద్యోగం ఉంది, క్వార్టర్సు లేదు. వచ్చే ఏడాది కొత్త భవనం కడితే చూస్తామన్నాడు.

"మరి అప్పటిదాకా ఎక్కడుంటారు?"

బావమరిది నా వైపు చూశాడు. సంతకం పెట్టిన కాగితం వాడి జేబులోనే ఉంది. వాడు దాన్ని తియ్యలేదు.

"మా ఇంట్లోనే," అన్నాను.

గురువారం శీర్షిక వచ్చింది. ప్లీడరుగారి జవాబు, ఒక్క మాట తగ్గలేదు. శుక్రవారం పోస్టుమాన్ ఉత్తరాలు నా చేతికి ఇవ్వలేదు, తలుపు సందులోంచి లోపల పడేసి వెళ్ళాడు.

సోమవారం ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు బావమరిది డ్యూటీకి బయలుదేరాడు. మా ఆవిడ కొత్త తాళం ఇచ్చింది. వాడు ముందుగదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు.