పెంగిలీ వంశానికి ఒక్క ఓటు

ఆటలో అందరికన్నా గొప్పవాడెవడో తేల్చే పని, ఆటను సరిగ్గా చూడని మనిషికే అప్పజెప్పాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం.

మొహం చిట్లించకండి! చూసేవాళ్లకేం కొదవ? కంచె చుట్టూ కార్లు నిలుపుకుని, అద్దాలు దించి, చేతిలో మాంసం కూరిన వేడి వేడి పాస్టీ పట్టుకుని ప్రతి శనివారం మూడొందల మంది చూస్తారు. ఇవాళ బాగా ఆడినవాడెవడని వాళ్లను అడగండి. మూడొందల పేర్లు చెబుతారు. అందులో రెండొందల తొంభై వాళ్ల మేనల్లుళ్లవే. ఇలాంటి లోకంలో పక్షపాతం లేనివాడు ఒక్కడే ఉంటాడు. ఎవర్నీ గమనించనివాడు! అంటే అంపైర్. అంటే నేను.

దక్షిణ ఆస్ట్రేలియాలో బార్లీ చేలకూ సముద్రానికీ మధ్య ఉన్న మా ఎనిమిది ఊళ్ల ఫుట్‌బాల్ లీగ్‌లో (మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో కూడా పట్టుకోవచ్చు) ఇరవై ఆరేళ్లుగా తెల్లచొక్కా వేసుకుని విజిల్ ఊదుతున్నాను. మ్యాచ్ అవగానే అంపైర్ల గదిలో కూచుని కార్డు మీద ముగ్గురి పేర్లు రాస్తాను. అందరికన్నా బాగా ఆడినవాడికి మూడు ఓట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాతివాడికి ఒకటి. కార్డు కవర్లో పెట్టి అంటించేస్తాను. సీజన్ ముగిశాక ఒక ఆదివారం మధ్యాహ్నం పోర్ట్ లానియన్ ఊరి హాల్లో కవర్లన్నీ చింపి, ఓట్లు మైకులో చదివి, ఎక్కువ వచ్చినవాడి మెడలో కర్నో పతకం వేస్తారు.

ఇందులో కష్టమేముంది అంటారా? జట్టుకు పద్దెనిమిది చొప్పున ముప్ఫై ఆరుమంది వెనక రెండు గంటలు పరుగెత్తి చూడండి, తెలుస్తుంది! గదిలోకి వచ్చి కూలబడేసరికి నా కారు ఏ రంగుదో కూడా నాకు గుర్తుండదు. అలాంటప్పుడు అంతమందిలో గుర్తుకొచ్చేవాడెవడు? ఎర్రజుట్టువాడు.

నవ్వకండి, ఇది చరిత్ర. ఆ చరిత్ర మొత్తం నాకు కంఠతా వచ్చు.

ఈ పతకం పెట్టిన ఎబెనీజర్ కర్నోది పాస్టీల కొట్టు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ఒళ్లు మంట. 1911 నాటి ఆటగాళ్లు మైదానంలో మొదలెట్టిన తన్నులాట వీధిలో కొనసాగించి, చివరికి ఆయన కొట్టు అద్దం మీద పడి ముగించేవాళ్లు. అద్దాలు మార్చీ మార్చీ విసిగిపోయి, "ఏడాదంతా ఎవణ్ణీ తన్ననివాడికి వెండి పతకం ఇస్తా" అన్నాడాయన. ఆ మాటే నేటికీ రూలు. ఎంత గొప్పగా ఆడినా సరే, తప్పుచేసి ఒక్క మ్యాచ్ నిషేధం పడిందంటే ఆ ఏడు పతకానికి పనికిరాడు. అతని ఓట్లు చదువుతారు, పక్కనే చెల్లవంటారు.

మొదటి పతకం ఒక పాదిరీగారికి వచ్చింది. సీజన్ మొత్తంలో ఆయన చేతికి బంతి చిక్కింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ అవతలి జట్టువాడికే అందించి, "తీసుకో నాయనా" అన్నాడు. రెండో ఏడు కాలు విరిగి ఆస్పత్రిలో పడుకున్నవాడికి ఇచ్చారు. మంచం మీంచి ఎవర్ని తన్నగలడు? మంచితనంతోపాటు ఆట కూడా కాస్త ఉండాలని జనం గోల చేశాక, ఓటు హక్కు అంపైర్ల చేతికి వచ్చింది. అప్పట్నుంచీ అంతా సవ్యంగా నడుస్తోంది!

1926లో ఇద్దరికి సమానంగా ఓట్లు వచ్చాయి. ఎవరికిచ్చినా రెండోవాడి ఊరివాళ్లు హాలు తగలబెడతారని భయపడి, సెక్రటరీ పతకాన్ని ఇంటికి పట్టుకుపోయాడు. వాళ్లావిడ యాభై నాలుగేళ్లు దాన్ని చర్చికి పెట్టుకెళ్లింది. ఆవిడ పోయాక కమిటీవాళ్లకు జ్ఞానోదయమై ఇద్దరికీ పతకాలు ప్రకటించారు. అప్పటికి ఒకాయన సమాధిలో ఉన్నాడు. రెండో ఆయనకు చెవుడు, తన గుమ్మడికాయకు ప్రైజు వచ్చిందనుకుని కమిటీకి పెరటి దోవ చూపించాడు.

1938లో ఒక అంపైర్ బద్ధకించి, పోయినవారం రాసిన కార్డునే ఎక్కించి పంపాడు. ఆ కార్డులో ఉన్న జట్లు ఆ రోజు ఆడనే లేదు. అయినా ఆ మూడు ఓట్లతోనే ఒకడు పతకం కొట్టేశాడు. లేని ఆ మ్యాచ్‌లో తాత ఎంత బాగా ఆడాడో ఆయన మనవలు ఇప్పటికీ వర్ణించి చెబుతారు. పతకం అంటే అదీ! జరిగినదానికి ఎవరైనా ఇస్తారు.

ఇంతవరకూ ఇచ్చిన పతకాలు తొంభై రెండు. వాటిలో యాభై ఏడు ఎర్రజుట్టువాళ్లవి. మా వైపు ఆస్పత్రిలో నర్సు "ఎర్రజుట్టు బాబు" అందంటే, తండ్రి కన్నా ముందు క్లబ్ ప్రెసిడెంట్ పూలగుత్తితో దిగుతాడు. చూశారా, ఈ పద్ధతి వల్ల తల్లిదండ్రులకు ఎంత స్పష్టత!

ఇంత చక్కని ఏర్పాటు మీద లయనెల్ పెంగిలీ అనే మనిషికి మాత్రం కడుపుమంట.

లయనెల్ పోర్ట్ లానియన్ జట్టుకు ఫుల్‌బ్యాక్, అంటే గోల్ ముందు నిలబడి ఎదుటి జట్టు షూటర్‌ను అడ్డుకునేవాడు. వయసు ముప్ఫై ఎనిమిది. ధాన్యం లారీ నడుపుతాడు. జుట్టు ఎండిన మట్టి రంగు. పందొమ్మిది సీజన్లు ఆడాడు, ఒక్క ఓటు లేదు. అతని తండ్రి వెస్ కూడా ఫుల్‌బ్యాకే. ఆయన పదిహేడు సీజన్లు ఆడాడు, అక్కడా సున్నే. పెంగిలీ వంశం ముప్ఫై ఆరేళ్లు గోల్ కాపలా కాస్తే, ఆ మైకులో ఒక్కసారి కూడా వాళ్ల పేరు పలకలేదు.

ఇందులో నా తప్పేముందో మీరే చెప్పండి! బంతి ఎక్కడుంటే నేనక్కడుంటాను. బంతిని తన వైపు రానివ్వకపోవడమే లయనెల్ పని. అతను పని బాగా చేసిన రోజున బంతి అటు పోదు, నేనూ పోను. బాగా చెయ్యకపోతే పోతాను, అప్పుడు చూసేది గోల్ కొట్టినవాణ్ణి. ఎటు చూసినా న్యాయంగానే ఉంది కదా?

మొన్నటి సీజన్ మొదట్లోనే ఇదే తన ఆఖరి ఏడాదని లయనెల్ చెప్పేశాడు. ఇంకా మూడు మ్యాచ్‌లున్నాయనగా అతని భార్య ఎల్వా వంటింట్లో కూచోబెట్టి గడ్డి పెట్టిందట.

"పతకం తెమ్మన్నానా? ఒక్క ఓటు! ఒక్కసారి ఆ మైకులో నీ పేరు వినబడితే చాలు. నువ్వు కాదు, మీ నాన్న వినాలి. ఆయనకి డెబ్బై నాలుగు. ఏటా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూచుంటాడు. ఏటా అలాగే లేచి ఇంటికెళ్తాడు. చూడలేక చస్తున్నా!"

మర్నాడే లయనెల్ మంగలి షాపు నడిపే కొరాలీ రాడా దగ్గరికి పోయాడు. తర్వాత కొరాలీయే ఊరంతా చెప్పింది గనక నాకు తెలిసింది.

"ఏం చెయ్యమంటావ్, చెవుల మీద కాస్త తగ్గించనా?" అంది కొరాలీ.

"ఎర్రగా చెయ్యి."

"ఎంత ఎర్రగా?"

"అంపైర్‌కి కనబడేంత."

"వాడికా? అయితే రెండు డబ్బాలు పడతాయి," అంది ఆ మహాతల్లి. నా కళ్ల గురించి ఒక ఆడమనిషి ఇంత మాట అనొచ్చునా!

రెండు డబ్బాలూ పూసింది. ఆ శనివారం ఊలర్టన్ జట్టుతో మ్యాచ్. లయనెల్ మైదానంలోకి వస్తే, క్యారెట్‌కు బూట్లు తొడిగినట్టున్నాడు. ఊలర్టన్ షూటర్ డారిల్ హోకింగ్, నూటపది కిలోల మనిషి, నవ్వీ నవ్వీ రెండు బంతులు జారవిడిచాడు.

ఏం చెప్పమంటారు! బంతి ఎక్కడున్నా సరే, నా చూపు ఆ తల మీదికే పోతోంది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి లయనెల్ పెంగిలీని చూశాను. అన్నీ చూశాను. బంతి ఎటు పడుతుందో డారిల్ కన్నా రెండడుగుల ముందే గ్రహించి అక్కడుండడం చూశాను. ముగ్గురి మధ్యలోకి తల ముందు పెట్టి దూకడం చూశాను. తన పక్కన తడబడే కుర్రాళ్లను "నువ్వటు, నువ్విటు" అని సర్దుతుండడం విన్నాను. డారిల్ కింద పడితే చెయ్యిచ్చి లేపడం చూశాను.

ఆ డారిల్ ఎందుకు పడ్డాడో కూడా చూశాను. లయనెల్ కాలడ్డం పెట్టాడు.

విజిల్ ఊదాను. పుస్తకం తీసి పేరు రాసుకున్నాను. మైదానం చుట్టూ కార్ల హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. "ఒరే గుడ్డోడా! ఇన్నాళ్లకి కళ్లొచ్చాయిరా నీకు? ఇవాళే రావాలా?" అని కంచె మీంచి ఎవడో అరిచాడు. లయనెల్ రెండు చేతులూ ఆ ఎర్రతల మీద పెట్టుకుని నిలబడిపోయాడు.

మంగళవారం లీగ్ కమిటీ ముందు విచారణ జరిగింది. లయనెల్ తన తరఫున తానే వాదించుకున్నాడు. "పందొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం పెడుతున్నానండీ ఆ కాలు. ఈయన ఒక్కసారీ తప్పనలేదు. తప్పని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఇంత బలమైన వాదన ఆ గది ఎన్నడూ విని ఉండదు. ఒక మ్యాచ్ నిషేధం వేశారు. దాంతో పతకం సంగతి సరి. రూలంటే రూలు. ఎబెనీజర్ కర్నోగారి అద్దాలు ముఖ్యం.

ఓట్లు లెక్కించే ఆదివారం రానే వచ్చింది. లయనెల్ రానన్నాడట, ఎల్వా లాక్కొచ్చింది. తలుపు దగ్గర ఆఖరి కుర్చీలో కూచున్నాడు. జుట్టు కుదుళ్లలో మళ్లీ మట్టిరంగు తొంగిచూస్తోంది. ముందు వరసలో వెస్, ఇస్త్రీ చొక్కాతో.

సెక్రటరీ నెటిల్ అమ్మగారు ఒక్కో కవరూ చింపి చదువుతోంది. పతకం ఎవరిదో సగం కవర్లయ్యేసరికే తెలిసిపోయింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, పేరు మీకక్కర్లేదు, జుట్టు ఏ రంగో నేను చెప్పక్కర్లేదు.

ఊలర్టన్ మ్యాచ్ కవరు వచ్చింది.

"ఒక ఓటు, ఊలర్టన్, డి. హోకింగ్. రెండు ఓట్లు, పోర్ట్ లానియన్, ఆర్. టాన్‌కిన్. మూడు ఓట్లు..." అని ఆవిడ ఆగి కళ్లజోడు సర్దుకుంది. "పోర్ట్ లానియన్, ఎల్. పెంగిలీ. ఇవి చెల్లవు."

ముందు వరసలోంచి వెస్ వెనక్కి తిరిగాడు.

"ఏమందిరా?"

"మూడు, నాన్నా. చెల్లవట."

"చెల్లకపోతేనేం రా వెధవా! చదివింది కదా!" అన్నాడు ముసలాయన. ఆ వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు. ఎల్వా కుర్చీ ఎక్కి ఈల వేసింది. ఇక జనం బల్లలు బాదిన బాదుడుకు పాస్టీల పళ్లేలు కిందపడ్డాయి. ఆ తర్వాత పతకం ఇచ్చినప్పుడు కొట్టిన చప్పట్లలో అందులో సగం జోరు కూడా లేదు.

ఇప్పుడు అర్థమైందా, ఈ పద్ధతి ఎంత గొప్పదో? ఒక మనిషి పందొమ్మిదేళ్లు మంచి పని చేస్తే ఎవరికీ కనబడడు. తలకు రంగేసుకుని ఒక్క తప్పు చేస్తే మంచీ చెడూ రెండూ కనబడతాయి. ఇంత సులువైన దారి ఉండగా, కళ్లు తెరుచుకుని చూడాల్సిన ఖర్మ మాకెందుకు?

ఆ సభలో అంపైర్లకు వంటగది తలుపు పక్కన వేరే బల్ల వేస్తారు. మా పక్కన కూచుంటే ఎవరికీ తిండి దిగదు. మిగతా అంపైర్లంతా వెళ్లిపోయారు. నేను ఒక్కణ్ణే చల్లారిన పాస్టీ నములుతున్నాను. లయనెల్ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూచున్నాడు. తిడతాడనుకుని పాస్టీ కింద పెట్టాను. తిట్లకు అలవాటు పడ్డవాణ్ణే. ఇరవై ఆరేళ్లుగా ఈ ఎనిమిది ఊళ్లూ నన్ను పిలిచిన పిలుపుల్లో పత్రికలో రాయదగ్గది ఒక్క గుడ్డోడా మాత్రమే.

"ఏమండీ," అన్నాడు లయనెల్, గొంతు సవరించుకుని. "నాన్న అడుగుతున్నారు, ఆ మూడూ వేసిందెవరని. చెబుదామంటే... పందొమ్మిదేళ్లుగా చూస్తున్నా మిమ్మల్ని. మీ పేరేంటండీ?"

"ట్రెంబాత్," అన్నాను. "హెడ్లీ ట్రెంబాత్."

వినబడలేదేమోనని మళ్లీ చెప్పాను. అతనికి మొదటిసారే వినబడింది.