అగ్గిపెట్టె ఇంటికి తనిఖీ

పొద్దున పది గంటలకు మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన చూసి సంతకం పెడితే ఇల్లు తమది. పెట్టకపోతే సామాను కట్టుకుని మళ్ళీ అద్దె గదికి పోవాలి. పెద్దావిడ కూతురూ అల్లుడూ ఏడాదిన్నర పాటు సెలవనేది లేకుండా సొంత చేతులతో కట్టుకున్న ఇల్లది. పొడుగు పద్దెనిమిది అడుగులు, వెడల్పు ఎనిమిది, పడుకోవడానికి పైన ఒక అటక. అగ్గిపెట్టెంత ఇల్లే అయినా, పొమ్మనేవాళ్ళు లేని చోటు దొరికినందుకు పెద్దావిడ రోజూ లేవగానే గోడకు దణ్ణం పెట్టేది. పెట్టి, ఆ గోడ కూలదు కదా అని ఒకసారి నెట్టి చూసేది.

"అమ్మా, మేం మలుపు దాకా వెళ్ళి ఆయన్ని తీసుకొస్తాం. నువ్వు దేన్నీ ముట్టుకోకు," అంది కూతురు.

"నేనేం ముట్టుకుంటానే? నోరు మూసుకుని కూర్చుంటా."

"ముఖ్యంగా ఆ మంచం, అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గోడకు నిలువుగా మడిచిపెట్టిన మంచం ఒకే ఒక్క గడియ మీద ఆగి ఉంది. ఇన్‌స్పెక్టరు సరిగ్గా దాని కింద నిలబడ్డప్పుడు ఊడితే? తలకు తగిలితే? పాపం, ఆయనకు చిన్నపిల్లలుంటే? మూడో ప్రశ్నకు వచ్చేసరికి ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గడియ గట్టిగా ఉందో లేదో చూద్దామని చిటికెన వేలితో కదిపింది.

గట్టిగానే ఉంది, కదిపేదాకా.

మంచం దబ్బున వాలింది. ఆ ఇంట్లో ఒకటి తెరవాలంటే ముందు ఇంకొకటి మూయాలి. బీపీ మాత్ర కోసం ఆవిడ తెరిచిన అటక మెట్ల కింది సొరుగు అలాగే ఉండిపోయింది. మంచం కాలు తిన్నగా వెళ్ళి అందులో ఇరుక్కుంది. ఇక మంచం లేవదు, సొరుగు మూసుకోదు. తలుపేమో లోపలికి తెరుచుకునేది. తీయబోతే మంచానికి కొట్టుకుని వేలెడు సందిచ్చి ఆగిపోయింది.

తర్వాతి భయం గ్యాసు. మంచం పొయ్యిని రాసుకుంటూ వాలింది కదా, గొట్టం తెగిందేమో! వాసనైతే లేదు. ముక్కు పనిచేయడం మానేసిందేమో! తలకాయ మాత్రమే పట్టే వంటింటి కిటికీ తెరిచి, తడి తువ్వాలు గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది.

ఎదురింటి దర్జీ మిషను ఆపాడు. "ఏమైంది పిన్నిగారూ?"

"తలుపు రావట్లేదు నాయనా! గ్యాసు పోతోందేమో!"

"మంటలొస్తున్నాయా?"

"ఇంకా రాలేదు!"

దర్జీకి అది చాలు. ఫైరింజనుకు ఫోన్ చేసి, బకెట్టు తెచ్చి కిటికీలోకి నీళ్ళు విసిరాడు. పెద్దావిడ నిలువునా తడిసింది. పని మానుకుని మరీ తడిపాడు, ఎంత మంచి మనసో అనుకుంది.

ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వాళ్ళు వచ్చేసరికి ఇంటి ముందు ఇంటికంటే పెద్ద ఫైరింజను నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు తెరవబోయిన ఫైలు మూసేశాడు. అల్లుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"తలుపు పగలగొడతాం, జరగండి," అంటూ ఫైరింజనులో వచ్చినవాళ్ళ నాయకుడు గొడ్డలి ఎత్తాడు.

"ఆగు నాయనా!" కిటికీలోంచి పెద్దావిడ అరిచింది. "ఆ తలుపుకు మా అల్లుడు ఇరవై రోజులు చిత్రిక పట్టాడు. వేళ్ళు కోసుకున్నాడు. దాని మీద దెబ్బ పడితే నేను బయటికి రానంతే!"

"మరెలా వస్తావమ్మా?" కూతురు ఏడుపు అందుకుంది.

పడతానన్న భయంతో ఆవిడ నెలనుంచీ అటక ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. అటక కిటికీ తోసి, ముందు కాళ్ళు బయటపెట్టి, "పోతున్నానే, నడుం విరుగుతోందే" అని దారి పొడుగునా చెప్పుకుంటూ, గోడకు కొట్టిన ఇనప మెట్ల మీదుగా చకచకా నేలమీదికి దిగిపోయింది.

దిగీ దిగగానే ఇన్‌స్పెక్టరుకు చేతులు జోడించింది. "బాబూ, మంటా లేదు, గ్యాసూ లేదు. తప్పంతా నాది. నా మొహం చూసి కాదు, ఆ పిల్లల చేతులు చూసి సంతకం పెట్టు."

ఆయన గడియారం చూస్తున్నాడు. "మీ వయసెంతమ్మా?"

"అరవై ఏడు."

"నిమిషం నలభై సెకన్లు," అని రాసుకున్నాడు. "తలుపు మూసుకుపోతే ముసలివాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా పైనుంచి బయటపడాలి. అదే అసలు పరీక్ష. దిగి చూపించమంటే వయసులో ఉన్నవాళ్ళే నవ్వి ఊరుకుంటారు. ఇన్నేళ్ళకు మీరు చూపించారు. ఆ మంచానికి ఇంకో గడియ పెట్టించండి, చాలు." ఫైరింజను మీదే ఫైలు ఆనించి సంతకం చేసేశాడు.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అంటూ కూతురు తడిబట్టల మీదే ఆవిణ్ణి వాటేసుకుంది. ఫైరింజను నాయకుడు అదే దారిన లోపలికి దూరి, మంచం ఎత్తి, తలుపు మీద గీత పడకుండా తెరిచిపెట్టాడు. పెద్దావిడ ఆయనకూ దర్జీకీ పేరుపేరునా దణ్ణాలు పెట్టింది. పావుగంట పాటు ఏ భయమూ లేకుండా గడపడం ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

పదహారో నిమిషంలో అల్లుణ్ణి పక్కకు పిలిచి, "బాబూ, నేనే ఇంత తేలిగ్గా దిగానంటే, దొంగ ఎంత తేలిగ్గా ఎక్కుతాడంటావ్?" అంది.