రెండో అక్షరానికి దాత కావలెను

తిరుపతి పురప్రజలకూ, యాత్రికులకూ తెలియజేయడమేమనగా, అంతర్జాతీయ బాలల సంవత్సరం పుణ్యమా అని మన పట్టణంలో శ్రీ బాలభానూదయ సేవాసంఘం వెలసింది. పసిపిల్లలకు తొలి చదువు చెప్పడం, బడిలో వెనకబడిన పిల్లలను చెయ్యి పట్టి నడిపించడం సంఘం ఆశయాలు. వీటిలో చెయ్యి పట్టడం వరకు సంఘం సంపూర్ణ విజయం సాధించిందని శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

సంఘానికి వ్యవస్థాపకులు, అధ్యక్షులు, కార్యదర్శి అన్నీ దామోదరం గారే. బస్టాండు పక్క సందులో లాడ్జి ఆయనది. లాడ్జి వెనక చిరిగిన పరుపులు పడేసే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. పరుపులను ఒక మూలకు నెట్టించి, మిగిలిన మూలలను ఆయన బాలలకు అంకితం చేశారు. బ్రహ్మోత్సవాలకు గదులు చాలక షెడ్డు కూడా యాత్రికులకు ఇవ్వవలసి వచ్చినప్పుడు పిల్లలను వీధిలోకి పంపేవారు. దానికి 'ప్రకృతి ఒడిలో విద్య' అని పేరు.

చదువు చెప్పేది మాత్రం సంతోషమ్మ. పాకాల దగ్గరి పల్లె నుంచి బాలవాడి ట్రైనింగు ముగించుకుని వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. పిల్లలకు చదువు నేర్పడానికే తనను పెట్టుకున్నారని మొదట్లో ఆమె నమ్మింది. వయసు చిన్నది, క్షమించవచ్చు.

సంఘం ప్రధాన కార్యక్రమం అక్షరాభ్యాసం. మామూలు ఇళ్లలో ఒక బిడ్డకు అది ఒక్కసారే జరుగుతుంది. సంఘంలో అలాంటి పిసినారితనం లేదు. ఏడుకొండలవాడి దర్శనానికి దేశంలోని పెద్దమనుషులందరూ వస్తారు. గుండు చేయించుకుని, గంధం రాయించుకుని, మనసు మెత్తబడి కొండ దిగుతారు. సరిగ్గా అప్పుడు దామోదరం గారు బస్టాండు దగ్గర దండతో నిలబడి ఉంటారు. పది నిమిషాల్లో పెద్దమనిషి షెడ్డులో ఉంటాడు. ముందు పళ్లెం, పళ్లెంలో బియ్యం, పక్కన ఒక బిడ్డ. ఆయన బిడ్డ చెయ్యి పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాడు, ఫోటో తీస్తారు, చందా ఇస్తాడు. ఈ విధంగా ఒక్కో బిడ్డకు నెలకు రెండు మూడుసార్లు విద్యారంభం జరిగేది. గుజరాతు నుంచీ కలకత్తా నుంచీ వచ్చిన వాళ్లకు తెలుగక్షరాలు రావు గనుక, పట్టుకున్న చెయ్యి వాళ్లదైనా దిద్దే పని బిడ్డే చూసుకునేది.

"సార్, ఓనమాలు అందరికీ వచ్చేసినాయి. పుస్తకాలు కొనిస్తే ముందుకు పోతాము," అని సంతోషమ్మ ఒకసారి అడిగింది.

దామోదరం గారు జాలిగా చూశారు. "ఏమ్మా, పుణ్యమంతా మొదటి అచ్చరంలోనే గదా ఉండేది? రెండో అచ్చరానికి దాత యాడ దొరుకుతాడు?"

లోకం తెలిసిన మాట.

సంఘంలో వెనకబడిన పిల్లల విభాగం కూడా ఉండేది. ఆ విభాగం పేరు అలివేలు. తిరుచానూరులో పూలమ్మే గంగులమ్మ కూతురు. ఒకటో తరగతిలో మూడేళ్లు కూర్చోబెట్టి, మొద్దు అని ముద్ర కొట్టి బడివాళ్లు పంపేశారు. పెద్ద పెద్ద కళ్లు, పిలిస్తే పలకని బెదురు. ఇంతకన్నా ఫోటోకు పనికొచ్చే పిల్ల జిల్లాలోనే లేదని దామోదరం గారు సగర్వంగా చెప్పేవారు.

ఆ పిల్లకు పలక మీది అక్షరాలు కళ్లముందు కలిసిపోయేవి. బలపం పట్టుకుంటే చెమట పట్టేది. సంతోషమ్మ పలక పక్కన పెట్టి, సాయంత్రాలు పిల్లను బస్టాండుకు తీసుకుపోయేది. బస్సు బోర్డు మీది అక్షరాలు పెద్దవి, పైగా బస్సు ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలని పిల్లకు ఆశ. 'పుత్తూరు'తో మొదలుపెట్టి ఎన్నో నెలలు తంటాలు పడ్డారు. ఒకరోజు అలివేలు ఒక బోర్డు వైపు చూసి, ఊపిరి బిగబట్టి, "శ్రీ... కాళ... హస్తి. టీచర్, శ్రీకాళహస్తి!" అని ఎగిరి గంతేసింది. సంతోషమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. బస్టాండు అని కూడా చూడకుండా పిల్లను ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. తన బతుకులో అంత సంతోషం ఆమెకు మళ్లీ కలగలేదు.

బాలికల బడి హెడ్‌మిస్ట్రెస్ పంకజాక్షి గారు అలివేలు చేత చదివించుకుని విన్నారు. జూన్‌లో తీసుకువస్తే రెండో తరగతిలో చేర్చుకుంటానన్నారు. ఈ కబురు వినగానే దామోదరం గారి ముఖం వాడిపోయింది.

"ఎంతపని చేస్తివమ్మా! కోయంబత్తూరు మిల్లు ఓనరు మేనెలలో వస్తా ఉండాడు. సదువురాని బిడ్డను సూపిస్తే బిల్డింగే కట్టిస్తానంటా ఉండాడు. ఇప్పుడు సదువొచ్చిన బిడ్డను పెట్టుకుని నేనేం చేసుకునేది?"

"ఇంకో బిడ్డను సూపించండి సార్."

"ఈ కండ్లు యాడ తెచ్చేది? ఒక్క పూట రానట్టు ఉండమను. మరుసటి దినం నేనే పోయి పంకజాక్షమ్మతో మాట్లాడి చేర్పిస్తా. లేదంటావా, షెడ్డులోకి పరుపులే వచ్చేస్తాయి. మిగతా బిడ్డల గతి నువ్వే ఆలోచన చేసుకో."

సంతోషమ్మ ఆలోచించింది. ఇలాంటప్పుడు మంచివాళ్లు ఆలోచిస్తారు, అందుకే లోకం ఇలా నడుస్తోంది. చివరికి ఆమె అలివేలును దగ్గరికి తీసుకుని, ఈ ఒక్క పూటకు చదవడం రాదని చెప్పమంది.

"వచ్చింది కదా టీచర్?" అంది అలివేలు.

"వచ్చింది బంగారూ. ఒక్క పూటే."

మిల్లు ఓనరు గారు నున్నని గుండుతో వచ్చారు. దామోదరం గారు మైకు పట్టుకుని, "అజ్ఞానాంధకారంలో అలమటించే ఇలాంటి అభాగ్యులే మా సంఘానికి ఆస్తి" అని ఉపన్యసించారు. అందులో ఒక్క అబద్ధం లేదు. తర్వాత 'అమ్మ' అని రాసిన అట్ట అలివేలు ముఖం ముందు పెట్టారు. ఏమని రాసి ఉందో చెప్పమని అందరూ బుజ్జగించారు. అలివేలు ఆ అట్టను చూసింది, సంతోషమ్మను చూసింది. పెదవులు కదిలాయి, వెంటనే గట్టిగా మూసుకుంది. వచ్చిన మాటను గొంతులో పట్టి ఉంచడం ఎనిమిదేళ్ల పిల్లకు ఎంత కష్టమో, కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి.

సభ సభంతా అయ్యో అంది. ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. మిల్లు ఓనరు గారు గుండు తుడుచుకుని బిల్డింగు ప్రకటించారు. సంతోషమ్మ పరుపుల చాటున నిలబడి తనను తాను తిట్టుకుంది.

మరుసటి దినం పేపర్లో ఫోటో పడింది. 'అమ్మ అన్న మాట కూడా చదవలేని మందబుద్ధి బాలిక అలివేలు, తిరుచానూరు' అని కింద రాశారు. కన్నీటిచుక్క కూడా స్పష్టంగా వచ్చిందని దామోదరం గారు ఆ ఫోటోకు పటం కట్టించారు.

జూన్‌లో సంతోషమ్మ పిల్లను తీసుకుని బడికి పోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు పేపరు తీసి చూపించారు. అలివేలు వేలు పెట్టి ఫోటో కింద ఉన్నదంతా ఎక్కడా తడబడకుండా చదివింది. 'మందబుద్ధి' దగ్గర మాత్రం ఆగి, "అట్లంటే ఏంది టీచర్?" అని అడిగింది.

పంకజాక్షి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సదువుతాదమ్మా, నాకు తెలీదా? కానీ ఇన్‌స్పెక్టరు గూడా పేపరు సూసినాడు. ఈమెను రెండో తరగతిలో కూర్చోబెడితే నా ఉద్యోగానికి జవాబు ఎవురు చెప్పేది? ఆ సంఘం వాళ్లనే అడగండి, ఆ పేపర్లో పడింది తప్పని పేపర్లో వేయించమని."

దామోదరం గారు మాట తప్పే మనిషి కాదు. హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడతానన్నారు, మాట్లాడారు. పిల్లకు చదువు రాదని తానే స్వయంగా ధ్రువపరిచి వచ్చారు. "బిల్డింగు సగంలో ఉండాదమ్మా, రూఫు పడేదాకా ఓర్చుకో," అని సంతోషమ్మను ఓదార్చారు కూడా. రూఫు పడింది. ముహూర్తాల కాలం కాబట్టి బిల్డింగును ముందు పెళ్లిళ్లకు ఇచ్చారు.

సంతోషమ్మ పని మానేసింది. ఊరికి పోయే ముందు గంగులమ్మను క్షమించమని అడగడానికి తిరుచానూరు వెళ్లింది. అమ్మవారి గుడి వీధిలో గంగులమ్మ పూలు కడుతోంది. పక్కన అలివేలు. బుట్ట చుట్టూ యాత్రికులు. "పేపర్లో వచ్చిన పాప ఈ పాపే! ఎంత కష్టం వచ్చిందమ్మా!" అంటూ ఒకావిడ బేరమాడకుండా రెండు మూరలు కొంది. ఆమెను చూసి ఇంకొకావిడ మూడు మూరలు కొంది.

అలివేలుకు టీచరు కనపడింది. ముఖం వెలిగిపోయింది. చటుక్కున ఎదురుగా కదులుతున్న బస్సు బోర్డు వైపు చెయ్యి చాచి, "టీచర్, సూడు! శ్రీ కాళ..." అని గొంతెత్తింది.

గంగులమ్మ గబుక్కున కూతురి నోరు మూసింది. "గట్టిగా సదవబాకు పాపా. ఇనబడితే కొనరు."

ఆమె మీద కోపం తెచ్చుకోకండి. ఆమె లెక్క తప్పలేదు. ఆ రోజు మీరు కూడా బుట్ట దగ్గర ఆగి, పాపం అనుకుని, ఒక మూర ఎక్కువే కొన్నారు.