ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?

మగవాడు మంచి తండ్రిగా తయారవ్వాలంటే ఒకటే మార్గం. అతని దగ్గర్నుంచి బిడ్డను తీసేసుకోవాలి!

తొందరపడి తిట్టుకోకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. బిడ్డ ఇంట్లో ఉన్నంతకాలం తండ్రిని పట్టించుకునేదెవరు? మా ఇంటాయన్నే తీసుకోండి. అమ్మాయి ఏ క్లాసని అడిగితే కిందటేడు క్లాసు చెబుతారు. పిల్లకు ఏ మందు పడదని డాక్టరు అడిగితే నావైపు చూస్తారు. అయినా ఆయన్ని మంచి తండ్రి కాదన్నవాళ్ళు లేరు. తాగడు, కొట్టడు, ఇంకేం కావాలమ్మా అని నాకే చెబుతారు.

అదే పిల్లల సంక్షేమ శాఖ వారి చేతిలో పడ్డ తండ్రి అదృష్టం చూడండి. అతనికి క్లాసులు పెడతారు. ఇంటికొచ్చి గిన్నెల మీద మూతలు తీసి చూస్తారు. బిడ్డతో మాట్లాడుతుంటే పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, ఎలా మాట్లాడాడో రాయిస్తారు. అల్లుడి మీద ఏ మామగారైనా ఇంత శ్రద్ధ పెట్టాడా?

నమ్మకం లేకపోతే మా కింది వాటాలో ఉండే వ్యానన్న సంగతి వినండి.

వ్యానన్న స్కూలు వ్యాను నడుపుతాడు. చుట్టుపక్కల వీధుల్లో పిల్లలంతా పొద్దున అతని చేతిలో పడితే, సాయంత్రం మళ్ళీ తల్లుల చేతిలో పడతారు. భార్య జబ్బుచేసి పోయింది. మిగిలింది అతనూ, ఏడేళ్ళ కూతురూ. ఆ పిల్ల చదివే బడి మా వీధి చివరే కాబట్టి నడిచే వెళ్ళి వచ్చేది. తలదువ్వడం అతనే నేర్చుకున్నాడు గానీ, ఎంత తంటాలు పడ్డా రెండు జడలూ ఒక ఎత్తుకు వచ్చేవి కావు. పిల్ల మాత్రం అదే ఫ్యాషన్ అన్నట్టు తలెత్తుకుని నడిచేది.

వ్యానన్నకు ఒక చాదస్తం ఉంది. ఇంట్లోంచి పెద్దవాళ్ళు బయటికొచ్చి చెయ్యి పట్టుకుంటేగాని ఏ బిడ్డనూ వదలడు. "గేటు తీసే ఉంది, దింపేసి వెళ్ళన్నా" అని లోపల్నుంచి కేకేసినా కదలడు. వెనక ఆగిపోయిన బళ్ళవాళ్ళు అతని ఏడు తరాలనూ తలుచుకుంటారు. వినపడనట్టు కూర్చుంటాడు.

ఒకరోజు కుండపోత వానలో వ్యాను మధ్యదారిలో మొరాయించింది. లోపల పిల్లలున్నారు. ఒక్కొక్కరి ఇంటివాళ్ళూ వచ్చి తీసుకెళ్ళేదాకా అతను కదల్లేదు. ఇక్కడ ఇంటికి తాళం. కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ పూట మేము ఊళ్ళో లేము. మా పైవాటాలో కొత్తగా దిగినాయన మంచి మనసుతోనే పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. వాళ్ళు వానను కూడా లెక్కచెయ్యకుండా వచ్చారు. వ్యానన్నే రాలేకపోయాడు. తడిసి ముద్దై వచ్చేసరికి మెట్లు ఖాళీ.

అలా అందరి పిల్లలనూ ఇళ్ళకు చేర్చిన పుణ్యానికి అతని పిల్ల శాఖవారి హోమ్‌కు చేరింది. అక్కడినుంచి మనవాడి దశ తిరిగింది!

ముందు పేరెంటింగ్ క్లాసన్నారు. వెళ్తే గదినిండా తల్లులే. పాఠం చెప్పే మేడమ్ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"మీరు ఎవరి తరఫున వచ్చారు?"

"నా తరఫునేనండి."

"ఇది తల్లుల క్లాసు. మీ ఆవిడని పంపండి."

"ఆవిడ లేదండి. పోయింది."

"పోనీ మీ అమ్మగారిని పంపండి."

"ఆవిడా లేదండి."

"అదేమిటి, ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?"

"ఒకరున్నారండి. ఏడేళ్ళావిడ. మీ దగ్గరే ఉంది."

తల్లులంతా పమిటలూ చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వారట. మేడమ్ నవ్వలేదు. వెనక బెంచీలో కూర్చోమంది. పాలిచ్చే పాఠం వచ్చినప్పుడు మర్యాదగా ఉంటుందని అతను కిటికీలోంచి బయటికి చూస్తుంటే, "శ్రద్ధ లేకపోతే ఎలా నాయనా" అని మందలించింది కూడా. ప్లాస్టిక్ బొమ్మకు తల నిలబెట్టి స్నానం చేయించడంలో మాత్రం అతనే ఫస్టు. ఇద్దరు పిల్లల్ని కన్నాక కూడా మా ఇంటాయనకు రాని విద్య అది. ఇది వరం కాదంటారా?

ఇంక వారానికోసారి హోమ్‌లో కూతుర్ని చూపించేవారు. ఒక గది, రెండు కుర్చీలు, తోక ఊడిన చెక్క గుర్రం, మూలన రాసుకునే అమ్మాయి. మొదటిసారి పిల్లను చూడగానే అతనికి ఏడుపొచ్చింది. భావోద్వేగాలు అదుపులో లేవని రాసుకున్నారు. రెండోసారి పళ్ళబిగువున ఆపుకున్నాడు. బిడ్డపై మమకారం కనిపించలేదన్నారు. ఆ తర్వాతి వారం అతను ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక మా ఇంట్లో అద్దం ముందు నిలబడ్డాడు. మేమే ఏదో ఒకటి ఎంచి పంపాం.

ఆ రోజు పిల్ల నోరు తెరిచి చూపించింది.

"నాన్నా, పన్ను ఊడింది."

"ఏదీ? దాచావా?"

"వార్డెనాంటీ పారేసింది."

"పోన్లే తల్లీ, పక్కది కూడా కదులుతోందిగా. అది మనింట్లో ఊడదీద్దాం."

"అప్పటిదాకా ఊడకుండా పట్టుకుంటాలే. ఇటువైపు నమలను."

టైమైపోయింది. "విడిచిపెట్టండి, అదే లోపలికొస్తుంది" అని కారిడార్ చివరినుంచి వార్డెన్ కేకేసింది. మనవాడు విడిస్తేనా? చాదస్తం ఎక్కడికి పోతుంది!

"మీరు ఇటొచ్చి చెయ్యి పట్టుకోండమ్మా. అప్పుడు వదుల్తాను."

"ఇది మీ వ్యాను కాదు."

"వ్యాను కాకపోయినా పిల్ల పిల్లేగా అమ్మా."

సిబ్బందికి సహకరించే గుణం లేదని అది కూడా రాసుకున్నారు.

ఈ కేసు చూసే ఆఫీసరమ్మ చెడ్డదనుకునేరు. బంగారంలాంటి మనిషి. పైగా ఆవిడ కూతురు కూడా వ్యానన్న వ్యానులోనే స్కూలుకు వెళ్తుంది. ఎన్నో వ్యాన్లు వాకబు చేసి, ఇతని చాదస్తం గురించి విని మరీ ఏరుకుందట. "మీరుండబట్టే నేను నిశ్చింతగా ఉద్యోగం చేసుకుంటున్నానండీ" అని గేటు దగ్గర అంటుంటుంది. ఆవిడ అలా నిశ్చింతగా చేసుకుంటున్న ఉద్యోగం ఏమిటంటే, ఒక ఆడపిల్లను వ్యానన్న దగ్గర వదలొచ్చా లేదా అని తేల్చడం.

చివరికి ఆ సంగతి తేల్చే కమిటీ రోజు రానే వచ్చింది. వ్యానన్న పొద్దున్నే కూతురి మంచం మీద కొత్త దుప్పటి పరిచి వెళ్ళాడు. సాయంత్రం పిల్లలందరినీ దించేసి, ఆఖర్న ఆఫీసరమ్మ గేటు ముందు ఆపాడు. తలుపు తాళం వేసి ఉంది. హారన్ కొట్టి కొట్టి చూస్తుంటే ఫోన్ మోగింది.

"అన్నా, కమిటీ ఇంకా నడుస్తోంది. మా పనమ్మాయేమో రాలేదు. పాపను కాస్త మీ ఇంట్లో ఉంచుకోండి. అయిపోగానే వచ్చి తీసుకెళ్తా."

"మా ఇంట్లోనా మేడమ్?"

"మీ ఇంట్లో అయితే నాకు ఏ బెంగా లేదు."

ఆ పాప మా కింది వాటాకు వచ్చింది. హోంవర్కు చేసింది. గుడ్డు వేయించి అన్నం పెడితే తిన్నది. జడలు ఊడిపోతే అల్లించుకుంది. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా వచ్చింది. తర్వాత కొత్త దుప్పటి మీద ముడుచుకుని పడుకుంది. కబురేమిటో విందామని నేనూ కిందికి దిగి గుమ్మంలో నిలబడ్డాను.

ఆఫీసరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుంది.

"ఏమైంది మేడమ్?" అన్నాడు వ్యానన్న.

"అందరూ మీ గురించి మంచిగానే అన్నారండీ. నేనూ గట్టిగానే చెప్పాను. కానీ సాయంత్రం పూట ఆడదిక్కు లేని ఇంట్లో ఆడపిల్లను ఉంచడం మంచిది కాదని... వాయిదా వేశారు. మీరు ఆ తల్లుల క్లాసు ఇంకోసారి చేస్తే బాగుంటుందన్నారు."

వ్యానన్న "ఉండండి మేడమ్, పాప బూటు ఒకటి మంచం కిందికి పోయింది" అని వంగి తీసి, వేలాడుతున్న కాలికి తొడిగి, లేసు ముడివేశాడు.

"రేపు మామూలు టైమేగా అన్నా?"

"మామూలేనండి."

కాబట్టి పాఠకులారా, శాఖవారిని ఆడిపోసుకోకండి. వ్యానన్న మీద వాళ్ళకు ఎంత గురి ఉందో కళ్ళారా చూశాను. తప్పల్లా ఆ హోమ్‌లో ఉన్న పిల్లదే. బుద్ధిగా ఇంకెవరికైనా పుట్టి ఉంటే, ఆ సాయంత్రం ఆ కొత్త దుప్పటి మీద తనే హాయిగా నిద్రపోయేది.