కాకస్ మీద పడ్డ వీడ్కోలు విందు

ఆ ఉదయం వెర్లీన్ వేసుకున్న ఆలోచన చిన్నదే. పక్కింటి ఆర్డిస్ అరిజోనాలో ఉన్న చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతోంది. వెళ్ళేలోగా చర్చి కింది హాల్లో ఊరివాళ్ళని పిలిచి విందు చెయ్యాలి. ఉండిపొమ్మని అడగడానికి వెర్లీన్‌కు నోరు రాలేదు. కనీసం భోజనమైనా నిండుగా జరగాలి.

సోమవారం రమ్మని అందరికీ ఫోన్లు చేసి కాఫీ కప్పు ఎత్తిందో లేదో, జిల్లాలాంటి తమ కౌంటీలో పార్టీ అధ్యక్షుడైన డ్వేన్ ఫోన్ చేశాడు.

"కొంప మునిగింది వెర్లీన్ గారూ! దక్షిణాది రాష్ట్రంవాళ్ళెవరో తమ ప్రైమరీ ఎన్నిక ముందుకు జరిపారు. వాళ్ళకంటే ముందుండాలని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం తన ఎన్నిక ఇంకా ముందుకు జరుపుకుంది. వాళ్ళకంటే ముందు మనం ఉండొద్దూ? మన కాకస్ సోమవారానికి వచ్చింది. హాలు కావాలి."

"ఒక వారం ఆగితే దేశం మునుగుతుందా నాయనా?"

"దేశం మునగదండీ. అయోవా రెండోదవుతుంది!"

పార్టీ తరఫున దేశాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఈ కాకస్ సభలు దేశంలో అందరికంటే ముందు అయోవాలోనే జరగడం ఆనవాయితీ. ఆ మాట విన్నాక అయోవాలో పుట్టినవాళ్ళెవరూ కాదనలేరు. వెర్లీన్ విందును వారం ముందుకు జరిపి మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టింది. అవి పూర్తయ్యేసరికి డ్వేన్ మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి నీరసంగా.

"న్యూ హాంప్‌షైర్ వాళ్ళు మళ్ళీ జరిగారండీ."

"అయితే మన కాకస్ మళ్ళీ నా విందు మీదికొచ్చి పడిందా?"

"అవునండీ. ఇంకా ముందుకు జరుపుదామంటే క్రిస్మస్ అడ్డొస్తోంది."

విందు ముందుకొచ్చిందని ఆర్డిస్ కూడా టికెట్టు ముందుకు మార్చుకుంది; విందు మర్నాడే ప్రయాణం. ఇక జరపడానికి రోజుల్లేవు. రెండూ ఒకేచోట కానిమ్మంది వెర్లీన్.

విందు రోజు సాయంత్రం, భోజనానికొచ్చినవాళ్ళు కాకస్‌లో చిక్కుకున్నారు. కాకస్‌కొచ్చినవాళ్ళు పార్టీ భోజనం పెడుతోందనుకుని మురిసిపోయారు. ఒక్కో అభ్యర్థి మనుషులు ఒక్కో మూల నిలబడితే తలలు లెక్కపెట్టడం అక్కడి పద్ధతి. ఎటూ తేల్చుకోనివాళ్ళ మూల ఎప్పుడూ ఖాళీయే కదా అని వెర్లీన్ పందిమాంసంతో చేసిన హామ్ ఉండల గిన్నె అక్కడ పెట్టి, పక్కనే ఆర్డిస్‌ను కూర్చోబెట్టింది. వచ్చినవాడల్లా ప్లేటు నింపుకున్నాడు, ఆర్డిస్‌ను కౌగిలించుకున్నాడు, రెండోసారి వడ్డన కోసం అక్కడే నిలబడిపోయాడు.

"ఎక్కడివాళ్ళక్కడే ఆగండి! లెక్క మొదలైంది!" అని అరిచాడు డ్వేన్.

"తిండి పెట్టి లాక్కుంటున్నారు! ఇదన్యాయం!" అన్నాడు ఓ అభ్యర్థి మూలనుంచి మార్లో, హామ్ ఉండ నములుతూనే.

"మూతి తుడుచుకుని మాట్లాడు మార్లో," అంది వెర్లీన్.

తగినంతమంది లేని మూలలు చెదిరిపోయి, ఆ మనుషులు వేరే మూలల్లో చేరాలన్నది నియమం. చెదిరినవాళ్ళు గిన్నె దగ్గరికే వచ్చారు. చివరికి ఎటూ తేల్చుకోనివాళ్ళే గెలిచారు! వాళ్ళ తరఫున మార్చిలో కౌంటీ సభకు ఒక ప్రతినిధి కావాలి. తలలన్నీ ఆర్డిస్ వైపు తిరిగాయి.

"అయ్యో, నేను రేపు పోతున్నానుగా!"

"పోవద్దే," అంది వెర్లీన్. అన్నాక తనే ఉలిక్కిపడింది. "ఊరంతా నీ వెనక నిలబడింది. ఎలా పోతావు?"

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుంది. "ఈ ముక్క చెప్పడానికి ఇంతమందిని పోగెయ్యాలా? నువ్వొక్కదానివి గోడ అవతలనుంచి అంటే చాలదుటే?"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెర్లీన్ ఎన్నికల్లో తానే గెలిచినట్టు గరిటె పైకెత్తింది.

ఆర్డిస్ మార్చి సభదాకా ఆగుతుందని అరిజోనా చెల్లెలికి కబురు వెళ్ళింది. ఆ తర్వాత జూన్‌లో రాష్ట్ర సభ కూడా ఉంటుందని మాత్రం ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.