మరదలి ఉంగరానికి రాజభోగం

"టైటానియం అంటే రాకెట్ల లోహం. దాన్ని సంరక్షించడం అందరికీ చేతనయ్యే పని కాదు."

వంటింటి గుమ్మంలో నిలబడి అక్కయ్య ఈ ప్రకటన చేసింది. వినడానికి ఉన్నది తమ్ముడొక్కడే. అతను సింకు దగ్గర ఉంగరం కడుగుతున్నాడు.

ఆ నీలి ఉంగరం అతని భార్యది. ఆమె పోయి ఏడాది కాలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ అక్కయ్య దాన్ని కుళాయి వాషరు అనేది. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండడానికి భర్తతో సహా వచ్చి మకాం పెట్టాక, పెద్దింటి ఆడవాళ్ల వేళ్లకు అలాంటివే ఆమె కంటబడ్డాయి. వాషరు 'మరదలి జ్ఞాపకం' అయింది.

ప్రతి ఆదివారం అతను గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, ఉంగరం నానబెట్టి, మెత్తని బ్రష్షుతో అంచులు తోమి, నూలుగుడ్డతో తుడిచేవాడు. భార్య చేసిన తీరు అదే. ఆ కాసేపు ఆమె పక్కనే ఉన్నట్టుండేది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"సబ్బునీళ్లేమిట్రా? అదేమన్నా గరిటా?"

"తను ఇలాగే చేసేది అక్కయ్యా. గరుకుది తగిలితే పైనున్న నీలం రంగు పోతుందట."

"నీకేం తెలుసు, ఇలా తే."

ఆ రోజు నుంచి ఉంగరానికి మఖమల్ పెట్టెలో పడక ఏర్పాటైంది. దాని ఎదుట ఎవరూ తుమ్మకూడదు. బావగారికి దగ్గొస్తే వీధిలోకి వెళ్లి దగ్గి వచ్చేవారు.

ఇంతలో మహిళా సంఘం అధ్యక్షురాలు బృందంతో టీకి వస్తున్నట్టు కబురొచ్చింది. కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. అక్కయ్య ఉంగరాన్ని పళ్లపొడితో అరగంట రుద్దింది. నీలం పోయి బూడిదరంగు తేలింది.

"మెరుపు లోపలికి దిగింది," అని వేలికి తొడుక్కుంది.

తమ్ముడు ఆ పూట అన్నం తినలేదు.

టీ తాగుతూ అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. "ఆ ఉంగరం ఏమిటండీ, స్టీలా?"

అక్కయ్య చటుక్కున దాన్ని తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "నాది కాదండీ, మా మరదలిది. వీడు బాధపడతాడని కాసేపు పెట్టుకున్నాను. ఇలాంటివి నా ఒంటికి పడవు."

తమ్ముడు చిటికెన వేలికి తొడుక్కున్నాడు. "స్టీలు కాదండీ, టైటానియం. రంగు పోయింది."

"టైటానియమా!" అధ్యక్షురాలు తన వేలు చూపింది. "నాదీ అదే. అచ్చం ఈ బూడిదరంగు కోసం ఎన్ని కొట్లు ఎక్కి దిగానో. ఇది పెట్టుకునేవాళ్ల అభిరుచే వేరు."

అక్కయ్య చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వరా, నా ఉంగరం."

"నీది కాదని ఇప్పుడే అందరి ముందూ చెప్పావుగా అక్కయ్యా," అన్నాడు తమ్ముడు మెల్లగా.

అక్కయ్య రుమాలుతో కళ్లు ఒత్తుకుంది.

"పాపం, మరదలంటే ఎంత ప్రేమో," అని అధ్యక్షురాలు ఆమె భుజం నిమిరింది.

మరదలు పోయిన రోజున ఎంత ప్రయత్నించినా రాని కన్నీళ్లు, ఆ సాయంత్రం ఎంత తుడిచినా ఆగలేదు.